పటములో కచ్చాబాట, పక్కా రోడ్డు: రెంటిని గుర్తించు విధము

పాల్వంచ ప్రాంతపు రైతునకు బాట యెంత ముఖ్యమైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రత్తి, వరి, మిరప, మొక్కజొన్న పండించినంత మాత్రమున ఫలము చేతికి వచ్చినట్లు కాదు. సరకు బజారు చేరినప్పుడే అది ధనమగును. పామాయిలు తోటలు గలవారికి ఇది మఱింత అనుభవమైన సంగతి. కోసిన గెలలు 24 గంటలలోపల మిల్లు చేరవలయును. ఆలస్యమైనకొలది పండులోని నూనెలో ఆమ్లము పెరిగి సరకు గుణము చెడును. అశ్వారావుపేట, అప్పారావుపేటలలో సహకార సమాఖ్యయగు ఆయిల్‌ఫెడ్ వారి మిల్లులు గలవు. తోటనుండి అచ్చటికి బయలుదేరిన బండి దారిలో దిగబడినచో నష్టపడువాడు రైతే.

నేడు లారీ నడుపువాడు తఱచుగా పొరుగుజిల్లావాడై యుండును. అతడు ఊరిలో ఆగి దారి యడుగుటకు మాఱు, చేతనున్న ఫోనులోని పటము చూచి బండి త్రిప్పును. ఎరువుల లోడు తెచ్చు లారీ యైనను, ధాన్యము కొనిపోవు లారీ యైనను, రోగికై వచ్చు 108 బండి యైనను ఇట్లే వచ్చును. ఆ పటములో కనబడు సన్నని గీత డాంబరు రోడ్డా, మట్టిబాటయా యనునది తెలిసికొనుటకు కొన్ని గుర్తులు గలవు. వానిని సభ్యులకు తెలియజేయుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

పాఠమంతటికి మూలసూత్ర మొక్కటే. పటములోని గీత సాధారణముగా రోడ్డుయొక్క హోదాను చెప్పును, పైపొరను చెప్పదు. హోదా వేఱు, పైపొర వేఱు. ఈ భేదము మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగ బోధపడును.

1. బాటలలోని రకములు

పైపొరను బట్టి మన చుట్టుపట్ల బాటలను ఆఱు రకములుగ చెప్పవచ్చును. మొదటిది కాలిబాట. రెండవది బండ్లబాట, లేక డొంక. ఇందు చక్రములు నడచిన రెండు గాడులు, వాని నడుమ గడ్డి యుండును. మూడవది ఇరుప్రక్కల కాలువ తీసి మన్ను ఎత్తుగ పోసిన మట్టిరోడ్డు. నాల్గవది మొరము పఱచిన రోడ్డు. ఐదవది కంకర పఱచి, నీరు చల్లి, రోలరుతో త్రొక్కించిన రోడ్డు. ఆఱవది డాంబరు పూసినది, లేక సిమెంటుతో పోసినది.

కంకర రోడ్డు పద్ధతిని స్థిరపఱచినవాడు స్కాట్లండు దేశీయుడగు జాన్ లౌడన్ మెకాడమ్. అతడు 1756 మొదలు 1836 వఱకు జీవించెను. చిన్నవిగ పగులగొట్టిన రాళ్లు బరువు క్రింద ఒకదానితో నొకటి పెనగొని గట్టిపడుననియు, క్రింది నేల పొడిగా నున్నంతకాలమే రోడ్డు బలముగ నుండుననియు అతని సిద్ధాంతము. ఈ రెండవ మాట మన రేగడి భూములకు మిక్కిలి వర్తించును. నల్లరేగడి నీరు త్రాగి ఉబ్బును, ఎండి బీటలువాఱును. వేసవిలో లారీని మోసిన రేగడిబాట ఒక్క పెద్దవానకు ట్రాక్టరును సయితము దిగమ్రింగును. ఎఱ్ఱచెలకలో వేసిన మొరము రోడ్డు నీరు త్వరగా ఇంకిపోవుటచేత కొంత మేలు.

ఇచ్చట నొక చిక్కు గలదు. కచ్చా యెచ్చట ముగియును, పక్కా యెచ్చట మొదలగును? ప్రభుత్వ సర్వేవారి పాత పటములలో కంకర పఱచినది మొదలు పక్కా క్రింద లెక్క. నేటి ఫోను పటములకు ఆధారమగు లెక్కలలో డాంబరు, సిమెంటు, పఱచిన రాళ్లు మాత్రమే పక్కా. కంకర, మొరము రోడ్లు గట్టివైనను కచ్చా క్రిందనే చేరును. కావున ఒకే రోడ్డు ఒక పటములో పక్కాగను, మఱియొక పటములో కచ్చాగను ఉండవచ్చును. రెండును తప్పు కావు. ఏ పటము ఏ అర్థములో చెప్పుచున్నదో చదువరి యెఱుగవలయును.

2. సర్వే పటములు చెప్పు తీరు

భారత సర్వే శాఖ 1767లో ఏర్పడినది. ఈ శాఖవారి భూపటములలో 50 వేలకు ఒకటి చొప్పున గీసినవి రైతునకు ఉపయోగకరములు. వానిలో ఒక సెంటిమీటరు నేలపై అర కిలోమీటరునకు సమానము. పాత సంఖ్యలనుబట్టి పాల్వంచ 65 సి అను పటమునకు చేరినది. ఈ పటము తూర్పు రేఖాంశము 80 మొదలు 81 వఱకు, ఉత్తర అక్షాంశము 17 మొదలు 18 వఱకు గల చతురమును కప్పును. 2005 నాటి జాతీయ పట విధానము తరువాత ప్రజలకు విడుదలయగు పటములకు వేఱు సంఖ్యలు వచ్చినవి గనుక, పటము కోరువారు ఊరిపేరు చెప్పి అడుగుట మేలు.

ఈ పటములలో రోడ్లు ఎఱ్ఱసిరాతో గీయబడును. తెగకుండ సాగిన జంటగీత కంకర మొదలుకొని పై తరగతి రోడ్డు. అదే జంటగీత ముక్కముక్కలుగ తెగియున్నచో అది కంకర లేని రోడ్డు. అంతకు తక్కువైన బండ్లబాటలు, కాలిబాటలు ఒంటిగీతలుగను, చుక్కలగీతలుగను చూపబడును. ప్రతి పటము అంచున గుర్తుల పట్టిక అచ్చువేయబడి యుండును. మొదట దానిని చదివి, పిమ్మట పటము చూడవలయును.

పైపొరను గీతతోనే చెప్పుట ఈ పటముల గొప్పతనము. వీని లోపము వయస్సు. పటము అంచుననే సర్వే జరిగిన సంవత్సరము వ్రాసియుండును. ఆ సంవత్సరము తరువాత వేసిన డాంబరు అందు కనబడదు. అట్లని పాత పటము వ్యర్థము కాదు. వాగులు, కుంటలు, మిట్టపల్లములు బాటలంత త్వరగా మాఱవు. బాట ఏ వాగును ఎచ్చట దాటుచున్నదో చూచుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

3. ఫోను పటములు చెప్పు తీరు

ఫోను పటములలో వెడల్పైన పసుపుగీతయో, నారింజగీతయో పెద్దరోడ్డు. సన్నని తెల్లగీతయో, బూడిదగీతయో చిన్నరోడ్డు. ఇది హోదా భేదము మాత్రమే. హోదా యనగా ఆ రోడ్డు ఏయే ఊళ్లను కలుపును, ఎవరి యాజమాన్యములో నున్నది యనునది. మన దేశమున 1943 నాటి నాగపూరు ప్రణాళికలో రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లని విభజించిరి. ఆ వరుసయే కొద్ది మార్పులతో నేటికిని నడచుచున్నది. పాల్వంచ మీదుగా కొత్తగూడెమునుండి భద్రాచలము పోవు రోడ్డు పూర్వము 221వ సంఖ్యతోను, నేడు 30వ సంఖ్యతోను జాతీయ రహదారి. దానిని ఏ పటము చూచినను తప్పు రాదు. చిక్కంతయు రహదారిని విడిచి ములకలపల్లి, ఉల్వనూరు, యానంబైలు మొదలగు వైపులకు తిరిగిన తరువాత, పల్లెనుండి పల్లెకు, పల్లెనుండి తోటకు పోవు సన్నని గీతలలోనే యున్నది. డాంబరు వేసిన గ్రామరోడ్డును, మొరము రోడ్డును, పొలము డొంకను చాల పటములు ఒకే రంగున, ఒకే వెడల్పున గీయును.

అడవి అంచు గ్రామములకు మఱియొక విశేష మున్నది. ఊరిలోపలి వీథులు సిమెంటుతో పోసియుండును. ఊరి పొలిమేర వఱకు డాంబరు వచ్చియుండును. అడవి హద్దు దాటగనే పైపొర ఆగిపోయి, ఆవల మఱల మొదలగుట గలదు. అడవిలో రోడ్డు వేయుటకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద అనుమతి కావలయును. 2006 నాటి అటవీ హక్కుల చట్టములో 3వ సెక్షను 2వ ఉపసెక్షను క్రింద, గ్రామసభ సిఫారసు చేసినచో, ఒక్కొక్క పనికి హెక్టారునకు తక్కువ భూమిని రోడ్డు మొదలగు ప్రజోపయోగములకు ఇయ్యవచ్చును; హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు. 5 మీటర్ల వెడల్పు రోడ్డుకు ఒక హెక్టారు భూమి 2 కిలోమీటర్ల పొడవునకే సరిపోవును. కావున అడవినడుమ పొడుగైన ముక్కలు కచ్చాగనే నిలిచిపోవుట వింత కాదు. పటములో మాత్రము రెండు కొనలను కలిపి ఒకే గీత యుండును. రెండు కొనలును పక్కాగ నున్నవి గనుక నడుమయు పక్కాయే యని తలచుట పెద్ద పొరపాటు.

4. యంత్రము దారి నెన్నుకొను విధము

ఫోను దారి చెప్పుట యొక లెక్క. ప్రతి గీతకు దాని పొడవు, దానిపై బండి పోగల వేగము వేసికొని, తక్కువ కాలము పట్టు దారిని ఎన్నును. పైపొర యెట్టిదో లెక్కలలో వ్రాసి లేనప్పుడు, హోదాను బట్టియే వేగము ఊహించును.

ఊహకొక లెక్క చూతము. తోటనుండి మిల్లునకు రెండు దారులున్నవనుకొందము. ఒకటి 14 కిలోమీటర్ల మట్టిబాట. రెండవది 22 కిలోమీటర్ల డాంబరు రోడ్డు. యంత్రము రెంటికిని గంటకు 40 కిలోమీటర్ల వేగము వేసినచో మొదటిదానికి 21 నిమిషములు, రెండవదానికి 33 నిమిషములు వచ్చును. అది మట్టిబాటనే చూపును. నిజమునకు వానకాలమున లోడు ట్రాక్టరు మట్టిబాటపై గంటకు 8 కిలోమీటర్లు, డాంబరుపై 25 కిలోమీటర్లు పోవుననుకొన్నచో, మొదటిదానికి గంట ముప్పావు, రెండవదానికి ఇంచుమించు 53 నిమిషములు పట్టును. దగ్గర యనుకొన్నది దూరమైనది. దిగబడుట యిందు లెక్కకు రాలేదు.

కొన్ని పటములలో కచ్చారోడ్లను తప్పించుమని కోరు ఏర్పాటు గలదు. వేజ్ అను పటమున ఇది యున్నది. ఐనను ఆ రోడ్డు కచ్చాయని ముందుగా నెవరైన గుర్తించి వ్రాసియున్నప్పుడే యీ ఏర్పాటు పనిచేయును. మోటారుసైకిలు దారి చూపు ఏర్పాటు మఱికొన్నిటిలో గలదు. దానిని తెఱచియుంచి లారీ నడుపరాదు. అది ఇఱుకైన సందులను, డొంకలను సయితము చూపును.

5. ఉపగ్రహ చిత్రములో చూడవలసిన గుర్తులు

ఫోను పటములో గీతల పటమునకు బదులు ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రమును చూపు మీట యుండును. సందేహమున్న గీతపై ఆ చిత్రమును తెచ్చి ఈ గుర్తులను వెదకవలయును.

మొదటిది రంగు. డాంబరు ముదురు బూడిదరంగు, సిమెంటు లేత బూడిదరంగు, మొరము ఎఱుపు. రేగడిబాట ఎండకాలమున తెల్లబాఱి సిమెంటువలె కనబడును గనుక రంగొక్కటే చాలదు.

రెండవది వెడల్పు. పక్కారోడ్డు వెడల్పు మొదలునుండి తుదివఱకు సమానముగ నుండి, అంచులు గీచినట్లుండును. మట్టిబాట ఒకచోట విరిసి, ఒకచోట సన్నగిలును. బురదను తప్పించుకొనుటకు బండ్లు ప్రక్కకు తొలగిన చోట రెండు మూడు పాయలుగ చీలియుండును. పాయలున్న బాట వానలో పనికిరాదని ఆ చిత్రమే చెప్పుచున్నట్లు.

మూడవది మలుపు. ఇంజనీర్లు వేసిన రోడ్డు నిదానముగ వంగును. డొంక చెట్టునకు, పుట్టకు, గట్టునకు చుట్టు తిరుగును. చేని మూలలవెంట ఒక్కసారిగ మఱలును.

నాల్గవది గాడులు. చిత్రమును పెద్దది చేసి చూచినప్పుడు రెండు సన్నని చారలు, నడుమ పచ్చగడ్డి కనబడినచో అది బండ్లబాట.

ఐదవది వాగు దాటుచోటు. వంతెన కాని చప్టా కాని యున్నచో తిన్నని అంచులు తెలియును. లేనిచో బాట ఇసుకలో కలిసి, ఆవలి గట్టున మఱల పుట్టును.

ఆఱవది చిత్రము తీసిన కాలము. చిత్రము వేసవిదా, వానకాలముదా, ఏ సంవత్సరముదా చూడవలయును. పాత చిత్రమున లేని డాంబరు నేడుండవచ్చును. దట్టమైన అడవిలో కొమ్మలు బాటను కప్పుటచే ఏ గుర్తును కనబడదు. అట్టిచోట తెలియలేదని ఒప్పుకొని, ఆ దారిన వచ్చినవారి నడుగుటయే వివేకము.

6. నేలపై చూడవలసినవి

బండి దిగి చూచువారికి మైలురాళ్లు కొంత చెప్పును. పసుపు తలగల రాయి జాతీయ రహదారిది, ఆకుపచ్చ తలది రాష్ట్ర రహదారిది, నారింజ తలది గ్రామరోడ్డుది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న ప్రారంభమైనది. మైదానములలో 500 జనాభాకు తగ్గని పల్లెలకు, గిరిజన ప్రాంతములలో 250కి తగ్గని పల్లెలకు రోడ్డు వేయుట దాని మొదటి లక్ష్యము. ఈ పథకపు రోడ్లను వేసిన గుత్తేదారుడే 5 సంవత్సరములు మరమ్మతు చూడవలయును. రోడ్డు మొదట నిలిపిన పలకపై పని ముగిసిన తేది చూచినచో ఆ గడువు తీఱినదో లేదో తెలియును. గడువు తీఱి, మరమ్మతు లేక, డాంబరు లేచిపోయి కంకర తేలిన రోడ్డు పటములో పక్కాయే. చక్రమునకు మాత్రము కచ్చా.

పక్కారోడ్డైనంత మాత్రమున అన్ని దినములును తెఱచియుండునని నమ్మరాదు. భద్రాచలము వద్ద గోదావరి మట్టము 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ హెచ్చరిక యిత్తురు. 1986లో నది 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటి, వంతెనపై రాకపోకలు నిలిపివేయబడినవి. గోదావరి పొంగినప్పుడు బూర్గంపాడు వద్ద కిన్నెరసాని నీరు పోక వెనుకకు తన్నును. కిన్నెరసాని జలాశయపు తలుపులెత్తినప్పుడు దిగువ చప్టాలు మునుగును. పైపొర యొక ప్రశ్న, ఏ నెలలో పోవచ్చుననునది మఱియొక ప్రశ్న. రెంటికిని జవాబు తెలిసినప్పుడే దారి తెలిసినట్లు.

7. మన సంఘములు చేయదగిన పని

పటములు గీయువారు దూరమున నుందురు. ఏ డొంక ఏ నెలలో దిగబడునో వారికి తెలియదు. ఆ జ్ఞానము మన రైతులయొద్దనే యున్నది. ఒక్కొక్కరియొద్ద నుండుటచే అది బయటివానికి ఉపయోగపడుట లేదు. పదిమంది జ్ఞానమును ఒకచోట చేర్చుటయే సహకారము గనుక, ఈ పని సంఘములకు తగినది.

ప్రతి సంఘమును తన పరిధిలోని బాటలకు ఒక చిట్టా తెఱవవలయును. బాట మొదలు, తుది, పొడవు, పైపొర మాఱు చోట్లు, వాగు దాటు తీరు, లారీ పోగల నెలలు, ట్రాక్టరు పోగల నెలలు అను గడులు అందుండవలెను. ఒక బాటలో మూడు పైపొరలున్నచో మూడు వరుసలు వ్రాయవలెను. ఒక్క వరుసలో కలుపరాదు. ఎండకాలము చివర నొకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట నొకసారి చిట్టాను సరిచూడవలెను. లోడు పిలుచునప్పుడు సంఘ కార్యదర్శి ఆ చిట్టా చూచి డ్రైవరునకు దారి చెప్పినచో చాల నష్టము తప్పును.

రెండవ మెట్టు, ఆ చిట్టాను పటములోనికి ఎక్కించుట. 2004లో ఇంగ్లండున ప్రారంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమును ఎవరైనను ఉచితముగ దిద్దవచ్చును. అందు హోదాకు ఒక గడి, పైపొరకు వేఱొక గడి యున్నవి. పైపొర గడి పేరు సర్ఫేస్. డాంబరునకు అస్ఫాల్ట్, సిమెంటునకు కాంక్రీట్, త్రొక్కించిన మొరము కంకరలకు కంపాక్టెడ్, మట్టికి డర్ట్ అని అందు వ్రాయుదురు. పొలములకు, అడవికి మాత్రమే పోవు బాటను ట్రాక్ అందురు. దాని గట్టితనమును 1 మొదలు 5 వఱకు తరగతులుగ చెప్పుదురు. అందు 1 మిక్కిలి గట్టిది, 5 మిక్కిలి మెత్తనిది. రెండు ఊళ్లను కలుపు రోడ్డు మట్టిదైనను దానిని ట్రాక్ అని వ్రాయరాదు. హోదాను తగ్గింపక పైపొరనే సరిగ వ్రాయవలయును. అట్లు గాక ఊరిరోడ్డును డొంకగ వ్రాసినచో, ఎండకాలమున పోగల బండ్లు సయితము రాకుండ పోవును. సంఘములోని చదువుకొన్న యువకులు ఒకరిద్దఱు కొలదిదినములలో ఈ పని నేర్వగలరు.

ఇతర పటములలో రోడ్డుగూర్చి ఫిర్యాదు పంపు మీట యుండును. కచ్చాముక్క మొదలు తుదలను గుర్తించి, ఛాయాచిత్రముతో పంపుట మేలు. గ్రామ సడక్ యోజన లెక్కల పటములను కేంద్రప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో ప్రజలకు విడుదల చేసినది. జియోసడక్ అను పేర నున్న వానిలో మన పల్లె రోడ్డు ఉన్నదో లేదో చూచుకొనవచ్చును. ఆ పటములో పక్కాయని యుండి నేలపై కచ్చాగ నున్నచో, ఆ భేదమే మన అర్జీకి బలమైన ఆధారము. చిట్టా నకలును జతపఱచి పంచాయతిరాజ్ ఇంజనీరింగు శాఖకు అర్జీ పెట్టినచో, రోడ్డు బాగులేదను నోటిమాటకంటె దానికి విలువ యెక్కువ.

రైతు సోదరులారా! గీత కనబడినంత మాత్రమున అది రోడ్డని నమ్మవలదు. హోదా చూచి పైపొర నిశ్చయింపవలదు. రంగు, వెడల్పు, మలుపు, గాడులు, వాగు, కాలము అను ఆఱు గుర్తులను సరిచూచుకొని, అప్పుడు లోడు కదలింపవలయును. వచ్చు వానకాలమునకు ముందుగనే ప్రతి సంఘమును తన బాటల చిట్టాను సిద్ధము చేసికొనునని ఆశించుచున్నాము.